తిలాపాపం తలా ఒక కత్తి

ఆన్‌లైన్ గేముల్లో దొంగలే లేరండీ. నమ్మకపోతే ఎవర్నైనా అడిగి చూడండి. గోడ అవతల ఉన్నవాడి తలకి గురి తప్పకుండా కాల్చినవాడు "అడుగుల చప్పుడు విన్నా బ్రో, నా హెడ్‌సెట్ మంచిది" అంటాడు, రాత్రంతా బాట్ (తన బదులు ఆడే ప్రోగ్రామ్) పెట్టి గేమ్ డబ్బు, అదే గోల్డ్, పోగేసుకున్నవాడు "నాకు జాబ్ ఉంది, పిల్లలున్నారు, టైం ఎక్కడిది" అంటాడు, గేమ్ ప్రోగ్రామ్‌లో లోపం, అదే బగ్, పట్టుకుని ఒక కత్తిని నలభై కత్తులు చేసినవాడు "బగ్ నేను పెట్టానా, వాళ్ళు పెట్టారు, ఉంది కాబట్టి వాడా" అంటాడు, ఇక ఆ నలభైలో ఒకటి సగం రేటుకి కొన్నాయనైతే అందరికంటే పెద్దమనిషి, ఆయన ఏ తప్పూ చేయలేదు, కొన్నాడంతే. ఇంతమంది నీతిమంతులు ఒకే సర్వర్లో ఉండి కూడా ఆ సర్వర్ ఎకానమీ ఎందుకు మునిగిపోతుందో మేధావులెవరైనా తేల్చాలి.

ఈ కొన్న పెద్దమనిషి గురించే నా బాధంతా. 2000లో వచ్చిన డయాబ్లో 2 అనే గేమ్ గుర్తున్నవాళ్ళకి స్టోన్ ఆఫ్ జోర్డన్ అనే ఉంగరం కూడా గుర్తుండే ఉంటుంది. గేమ్‌లో గోల్డ్‌కి విలువ లేకుండా పోతే జనమే ఆ ఉంగరాన్ని కరెన్సీగా పెట్టుకున్నారు, కరెన్సీ అన్నాక దొంగనోట్లు రాకుండా ఉంటాయా, డూప్ చేసిన, అంటే బగ్‌తో నకళ్ళు తీసిన, ఉంగరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. ఒక్కో ఐటెమ్‌కి లోపల కనపడని నంబర్ ఒకటి ఉంటుంది, డూప్ చేస్తే ఆ నంబర్ కూడా కాపీ అవుతుంది, ఒకే నంబర్‌తో రెండు కనపడితే సర్వర్ తీసేస్తుంది. పొద్దున్నే లాగిన్ అయి చూస్తే వేలికి ఉంగరం లేదు. అప్పుడు పెద్దమనిషి గుండెలు బాదుకుంటూ "నా కష్టార్జితం" అని రాస్తాడు చూడండి, చదివితే రాయికి కూడా కన్నీళ్ళొస్తాయి. మరి ఆ ఉంగరం కోసం ఆయన ఇచ్చిన సరుకేంటి అంటే అదీ డూపే, అది ఎక్కడో వేరేచోట ఇంకో పెద్దమనిషి కష్టార్జితంగా మెరుస్తూ ఉంటుంది.

ఇక్కడ మన శాస్త్రంలో మూలసూత్రం ఒకటుంది, రాసుకోండి. నష్టం ఎదుటివాడిదైతే "గేమే కదా బ్రో, చిల్". నష్టం మనదైతే "కష్టార్జితం". నెలల తరబడి గేమ్‌లో ఒకే బాస్‌ని (పెద్ద రాక్షసుడిని) కొట్టి కొట్టి ఒక్క కత్తి సంపాదించినవాడు, మార్కెట్లో అదే కత్తి చెత్త రేటుకి పడి ఉండటం చూసి ఏడిస్తే అది ఎమోషన్ అదుపులో లేకపోవడం. "నేను ఎవరి బ్యాగులోంచీ తీయలేదు కదా, ఒకటి ఉంటే రెండు చేశా, ఇంకా సంపద సృష్టించినట్టు" అని డూపర్ అడిగితే ఏం చెప్తాం, నోట్లు ప్రింట్ చేసేవాడు కూడా ఎవరి జేబూ కొట్టడు మరి.

"గేమే కదా" అనే వాదన కోర్టు దాకా కూడా వెళ్ళింది. నెదర్లాండ్స్‌లో 2007లో ఇద్దరు కుర్రాళ్ళు 13 ఏళ్ళ పిల్లాడిని కొట్టి, కత్తి చూపించి బెదిరించి, రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో లాగిన్ చేయించి, వాడి దగ్గరున్న ఒక తాయెత్తూ ఒక మాస్కూ కింద పడేయించి తీసేసుకున్నారు. అవి వస్తువులే కాదు, వట్టి డేటా, వాటికి విలువేంటి అని వాదించారు. సరే విలువ లేనప్పుడు కత్తి ఎందుకు తీసినట్టో. 2012లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ పిల్లాడు పెట్టిన టైమూ శ్రమా వల్ల వాటికి విలువ వచ్చింది, కాబట్టి ఇది దొంగతనమే అని తేల్చేసింది. గేమర్ల జీవితంలో "నువ్వు వేస్ట్ చేసిన టైంకి విలువుంది" అని పెద్దవాళ్ళు ఒప్పుకున్నది బహుశా ఆ ఒక్కసారే.

కంపెనీల నీతి గురించి రెండు ముక్కలు చెప్పకపోతే వాళ్ళు ఫీలవుతారు. ఈవ్ ఆన్‌లైన్ అనే గేమ్‌లో తోటి ప్లేయర్‌ని నమ్మించి నిండా ముంచితే అది మోసం కాదు గేమ్‌ప్లే, రూల్సే ఒప్పుకుంటాయి. అలాంటి చోట కూడా గొడవైంది ఎప్పుడంటే, ఆ కంపెనీలో పనిచేసే డెవలపరే అరుదైన బ్లూప్రింట్లు (గేమ్‌లో సరుకు తయారీ ప్లాన్లు) తన సొంత గుంపుకి చేరవేసుకున్నాడని 2007లో బయటపడినప్పుడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ సాటి ప్లేయర్లు పట్టేశారు, ఆ తర్వాత లోపలివాళ్ళ మీద నిఘాకి ఒక విభాగం, 2008లో ప్లేయర్లు ఓట్లేసి ఎన్నుకునే కౌన్సిలూ వచ్చాయి. ఇక 2021లో న్యూ వరల్డ్ అనే గేమ్‌లో గోల్డ్ డూప్ బయటపడితే ట్రేడింగ్ మొత్తం ఆపేశారు, ఆపేసినందువల్ల ఇంకో డూప్ పుట్టింది. దీని మీద వ్యంగ్యం రాయడానికి నాకేం మిగిలింది చెప్పండి. అన్నట్టు డయాబ్లో 3లో ఐటెమ్స్ నిజం డబ్బుకి అమ్ముకోండి, మా కమీషన్ మాకివ్వండి అని 2012లో కంపెనీయే వేలంపాట పెట్టింది, 2014లో మూసేసింది. అంతకుముందు దాకా డబ్బుకి ఐటెమ్ అమ్మడం పాపం, కమీషన్ కట్టాక వ్యాపారం.

కానీ నీతిలో అందర్నీ మించినవాళ్ళు చీట్లు, అంటే గేమ్‌లో మోసం చేయడానికి పనికొచ్చే ప్రోగ్రాములు, అమ్మేవాళ్ళు. ఐమ్‌బాట్‌కి (మన బదులు గురి అదే పెట్టే చీట్‌కి) నెలవారీ సబ్‌స్క్రిప్షన్, ఒక అకౌంట్ ఒకే కంప్యూటర్‌లో పనిచేసేలా లాక్, ఆ లాక్ పగలగొట్టి క్రాక్ చేసినా ఫ్రెండ్‌కి షేర్ చేసినా పర్మనెంట్ బ్యాన్. అవును, చీట్ నుంచి బ్యాన్. మా ప్రోగ్రామ్ దొంగిలిస్తారా, మీకు సిగ్గుందా అని వాళ్ళు అడుగుతుంటే ఆ గొంతులో బాధ నిజమైనదే అనిపిస్తుంది. డబ్బు కట్టలేక ఫ్రీ క్రాక్ వెతుక్కుని, అందులో ఉన్న వైరస్‌కి అకౌంట్ మొత్తం సమర్పించుకున్నవాడు నేరుగా గేమ్ సపోర్ట్‌కే మెయిల్ పెడతాడు, "నన్ను మోసం చేశారు, న్యాయం కావాలి" అని. ఏ ఫైల్ డౌన్‌లోడ్ చేశాడో మాత్రం అందులో ఉండదు.

చివరికి బ్యాన్ పడుతుంది. అప్పీల్ రాస్తారు. ఆ అప్పీళ్ళన్నీ చదివితే తెలిసేదేంటంటే, ఈ ప్రపంచంలో చీట్లన్నీ వాడింది తమ్ముళ్ళే. అన్న భోజనానికి లేచి వెళ్ళిన ఆ పది నిమిషాల్లో తమ్ముడు కూర్చుని, చీట్ కొని, ఇన్‌స్టాల్ చేసి, అన్న ర్యాంక్ పెంచి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయాడు. తమ్ముడు లేనివాళ్ళకి బావమరిది. "ఆ టైంలో ఆడింది నేను కాదు సార్" అనేది ప్రతి అప్పీల్లో మొదటి వాక్యం.

ఇలాంటివాడికి తగ్గ శిక్ష గిల్డ్ వార్స్ 2 అనే గేమ్ వాళ్ళే కనిపెట్టారని నా అభిప్రాయం. 2015లో ఒక హ్యాకర్ ఎంతకీ ఆగకపోతే, వాడి వీడియోలు ప్లేయర్లు పంపిస్తే, కంపెనీవాళ్ళు వాడి అకౌంట్‌లోకే వెళ్ళి, క్యారెక్టర్ బట్టలన్నీ విప్పించి, ఎత్తైన వంతెన మీద నిలబెట్టి, జనానికి టాటా చెప్పించి కిందకి దూకించి చంపి, ఆ తర్వాత క్యారెక్టర్‌ని డిలీట్ చేసి, ఆ వీడియో నెట్‌లో పెట్టారు. ఘోరం అన్నవాళ్ళూ ఉన్నారు గానీ నేను ఒప్పుకోను, ఆడింది నేను కాదు సార్ అని అతను నిజంగా నిజం చెప్పగలిగే అవకాశం వాళ్ళే కదా ఇచ్చారు.