స్టెఫైలోకాకస్ ఆరియస్ గారికి ఒక మనవి

మహారాజశ్రీ స్టెఫైలోకాకస్ ఆరియస్ గారికి,

ప్రతి పది మందిలో సుమారు ముగ్గురి ముక్కుల్లో కాపురముంటున్న బ్యాక్టీరియా అయిన తమరికి నమస్కారాలు. దూరం నుంచే లెండి.

ముక్కులో ఉన్నంతకాలం తమరంత పెద్దమనుషులు లేరు. చర్మం మీద చిన్న గాటు పడిందా, ఆ మర్యాద అక్కడితో సరి. సెగ్గడ్డలు, కనురెప్ప మీద కురుపులు తమరికి చిల్లర పనులు. రక్తంలోకి దారి దొరికితే ఎముకలో చీము పట్టిస్తారు, గుండె కవాటాల మీద మకాం వేస్తారు. వండిన పదార్థంలో పెరిగితే విషం వదులుతారు. దాన్ని మళ్లీ మరిగిస్తే తమరు చస్తారు గానీ ఆ విషం చావదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు. పోయాక కూడా పగ తీర్చుకోవడం తమరికే చెల్లింది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్రయోగశాలలో బూజు పక్కన కరిగిపోయింది తమ వంశంవారే. అలా పెన్సిలిన్ దొరికింది. 1940లలోనే దాన్ని విరగ్గొట్టే ఎంజైముతో తమరు తిరిగొచ్చారు. 1959లో మెథిసిలిన్ అనే కొత్త యాంటీబయాటిక్ వస్తే, 1961కల్లా దానికీ లొంగని తమ సంతానం బ్రిటన్‌లో బయటపడింది.

అయితే ఈ ఘనతలో మా వాటా మరిచిపోవద్దు. మాకు జలుబు చేస్తుంది. అది తెచ్చేది వైరస్. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. అయినా అడిగి మరీ మింగుతాం. ఆ మందు వెళ్లి, జలుబుతో ఏ సంబంధమూ లేకుండా ముక్కులో కూర్చున్న తమరి మీద పడుతుంది. బలహీనులు పోతారు, మొండివారు మిగిలి ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తారు. ఖర్చు మాది, సాము తమరిది. చాలీచాలని మోతాదు సూక్ష్మజీవులను చంపకపోగా మందును తట్టుకోవడం నేర్పుతుందని ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో హెచ్చరించారు. ఆయన చెప్పింది మాకు. విన్నది తమరు.

అందుకే ఈ మనవి. శస్త్రచికిత్స జరిగిన చోటికి, సెలైన్ సూది గుచ్చిన చోటికి దయచేసి రావద్దు. తమరు ఎక్కువగా మా చేతుల మీదుగానే ప్రయాణిస్తారని తెలుసు. కానీ చేతులు కడుక్కోమని మావాళ్లను ఒప్పించడం కన్నా తమరిని బతిమాలుకోవడమే తేలికనిపించింది.

ఇట్లు,
తమరికి ముక్కులో చోటిచ్చినవారిలో ఒకరు

తా.క.: తమ సాటి బ్యాక్టీరియా ఈ-కొలై గారికి విడిగా రాస్తాను. పేగుల్లో ఉండవలసినవారికి మూత్రనాళంలో ఏం పనో అడగాలి.