తెలియదన్న మాట రాని కృత్రిమ మేధ గారికి

మహారాజశ్రీ కృత్రిమ మేధ గారి సముఖమునకు, నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం నుండి ఒక బత్తాయి రైతు కుటుంబీకుడు రాసుకున్న విన్నపము. ఉభయకుశలోపరి.

2024 మే నెలలో తమరు గూగుల్ ద్వారా ఇచ్చిన ఒక ఆరోగ్య సలహా గురించి ఆలస్యంగానైనా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఖనిజాల కోసం రోజుకు కనీసం ఒక చిన్న రాయి తినాలని, భూగర్భ శాస్త్రవేత్తల పేరు చెప్పి మరీ తమరు సెలవిచ్చారు. అది అమెరికాలోని ఒక వ్యంగ్య పత్రిక సరదాకు రాసిన రాత అని తెలిసి లోకమంతా నవ్వింది గానీ, మాకంత నవ్వు రాలేదు. మా నేల కింది గ్రానైటు రాతిలోని ఫ్లోరైడు కరిగి బోరునీళ్లలోకి దిగితే, ఆ నీళ్లే తాగి పళ్లు గారపట్టినవాళ్లు, ఎదిగే వయసులోనే కాళ్లు వంకరపోయినవాళ్లు, నడుము ఎత్తలేక నేలచూపులతోనే బతుకు వెళ్లదీసినవాళ్లు మా పల్లెల్లో ఉన్నారు. పటికా సున్నమూ కలిపి నీళ్లలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ నల్లగొండ పేరే పెట్టిందంటే, మా కీర్తి ఎంతవరకు పోయిందో తమరే ఊహించుకోవచ్చు. రాళ్లను తరతరాలుగా తాగినవాళ్లం, ఇక తినడమొక్కటే బాకీ!

పిజ్జా మీది జున్ను జారకుండా సాసులో జిగురు కలపమన్న తమ వంటకం సంగతి వదిలేస్తాను. మా మండలంలో ఆ బాధ పడేవాళ్లు తక్కువ. న్యూయార్క్ వకీళ్ల వ్యవహారం మాత్రం వదలదగింది కాదు. చాట్‌జీపీటీ అవతారంలో తమరు లేని తీర్పులను సృష్టించి ఇవ్వడమే కాక, ఇవి నిజమైనవేనా అని అడిగితే నిజమైనవేనని హామీ కూడా ఇచ్చారు. వాటిని నమ్మి కోర్టులో దాఖలు చేసినందుకు 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా మాత్రం వకీళ్లకు పడింది.

నిరుడు వానాకాలంలో మా చిన్నాయన బత్తాయి చెట్ల మొదళ్ల దగ్గర బంక కారుతోందని ఫోనులో తమరిని అడిగాడు. చాలా మంచి ప్రశ్న అడిగారని మెచ్చుకుని, మొదలుకు మట్టి ఎగదోసి నీళ్లు పెంచమన్నారు. బంక తెగులుకు తడే ప్రాణమని, మొదలుకు నీళ్లు తగలనీయకుండా బంక గీకేసి బోర్డో పేస్టు పూయాలని తోటలు పెట్టినవాళ్లెవరైనా చెబుతారు. ఆ మాటే నేనంటే, "గింత మర్యాదగ మాట్లాడెటోడు అబద్ధమెందుకు చెప్తడు రా?" అన్నాడు చిన్నాయన.

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని చెలకంతా తిరిగి బోరు పాయింటు చూపించే పెద్దమనిషి కూడా మా దగ్గర ఇంతే ధీమాగా మాట్లాడతాడు. అయితే బోరులో దుమ్ము లేస్తే, మరునాడు హోటల్ దగ్గర చాయ్ తాగుతూ దొరుకుతాడు. నాలుగు మాటలు పడతాడు. తమరు దొరకరు. నాయనమ్మ పోయిందని విమానమెక్కిన ప్రయాణికుడికి టికెట్టు రాయితీ గురించి విమాన కంపెనీ చాట్‌బాట్ రూపంలో తమరు తప్పు చెబితే, ఆ చాట్‌బాట్ చేసినదానికి దానిదే బాధ్యత అన్న ధోరణిలో వాదించింది ఎయిర్ కెనడా. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి కంపెనీ చేతనే డబ్బు కట్టించింది. ఆ కంపెనీకి తమ మీద ఉన్న గౌరవం ట్రిబ్యునల్‌కు లేకపోయింది పాపం.

ఎయిర్ కెనడా నమ్మినట్టు తమరు నిజంగానే బాధ్యత గల పెద్దలైతే, చిన్నాయన తోటలో ఎండిపోయిన చెట్ల లెక్కను ఏ చిరునామాకు పంపాలో తెలియజేయ ప్రార్థన. తెలియకపోతే తెలియదని ఒక్క ముక్క రాసినా చాలు, జవాబు అందినట్టే భావిస్తాము.

ఇట్లు,
తమ సలహా విన్న తోటకు పక్క తోట వాడు