కరెంటు కోత గారికి ఒక పాత ప్రేక్షకుడి ఉత్తరం

మహారాజశ్రీ కరెంటు కోత గారి సముఖానికి,

నల్లగొండ జిల్లా బత్తాయి తోటల మధ్య పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఏడో అంతస్తులో కాపురం ఉంటున్న మీ పాత ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ఈ మధ్య ఎక్కడ ఉంటున్నారో, ఎవరి ఫ్యాను ఆపుతున్నారో తెలియదు కాబట్టి మీ క్షేమం అడిగే సాహసం చేయను. అడిగితే చూసి పోదామని వచ్చేస్తారేమోనని భయం కూడా ఉంది.

విషయం ఏమిటంటే, దయ్యాల సినిమాల గురించి ఇప్పుడు అందరూ తెగ మాట్లాడుతున్నారు. దర్శకుడంటారు, సౌండ్ డిజైన్ అంటారు, గ్రాఫిక్స్ అంటారు. మీ పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. టైటిల్స్‌లో మీకు కృతజ్ఞతలు చెప్పిన నిర్మాత ఒక్కడూ లేడు. సినిమాకు ముందు వచ్చే సిగరెట్ హెచ్చరికకు ఉన్నపాటి గౌరవం కూడా మీకు దక్కలేదు. మా తరం పల్లెటూరి పిల్లలకు భయపడటం నేర్పింది మీరే. ఆ మాట ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా.

మీకు గుర్తుండకపోవచ్చు. రోజూ వేల ఊళ్లు తిరిగేవారు, మా ఊరు ఒక్కటే ఎలా గుర్తుంటుంది? ఆ ఏడాది గణపతి నవరాత్రులకు మా వాడకట్టు యువకులు చందాలు పోగేసి కలర్ టీవీ, క్యాసెట్లు ఆడించే వీసీపీ కిరాయికి తెచ్చారు. రాత్రంతా మూడు సినిమాలు. మొదటిది భక్తి సినిమా, ముసలివాళ్ల కోసం. రెండోది ఫైటింగుల సినిమా, చందా ఎక్కువ ఇచ్చినవాళ్ల కోసం. మూడోది రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'. దాన్ని పిల్లలు పండుకున్నాక వేయాలని పెద్దలు తీర్మానించారు. మేం పండుకున్నాక వేసే సినిమా ఒకటుందని తెలిశాక మాకు నిద్ర ఎక్కడిది? గోనె సంచుల మీద బోర్లా పడుకుని, దుప్పటికి ఉన్న చిరుగులోంచి చూశాం. ఎవరి చిరుగు వారిదే. చిరుగు లేనివాడు పక్కవాడి చెవిలో "ఏమయితుందిరా" అని గొణుగుతూ ఉండాలి.

ఆ సినిమా గురించి మీకు కొంచెం చెప్పాలి. మీరు దేన్నీ పూర్తిగా చూసిన మనిషి కాదు. అందులో దయ్యాన్ని చూపించరు. మొదట్లోనే జనం లేని చోట హీరోయిన్ రేవతి ఒంటరిగా నడుస్తుంటే వెనక ఏదో వస్తుంటుంది. ఆ ఏదో ఏమిటంటే, కెమెరాయే. అది పరుగెడితే మనమే పరుగెత్తినట్టు, దయ్యం కళ్లలోంచి మనమే ఆ అమ్మాయిని తరుముతున్నట్టు ఉంటుంది. మా నాయనమ్మ చెప్పే కామిని దయ్యానికి తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు, అన్నీ రేషన్ కార్డులో రాసినట్టు పక్కాగా ఉండేవి. ఎక్కడుంటుందో, ఎన్ని గంటలకు వస్తుందో, ఏ చింతచెట్టు తనదో అన్నీ తెలుసు. అలాంటి దయ్యంతో కాపురం చేయొచ్చు. ఆ చెట్టు కిందికి పోకపోతే సరిపోయె. ఈ కొత్త దయ్యానికి అడ్రసు లేదు. ఎక్కడికి పోకుండా ఉండాలో తెలియక అందరం ఉన్నచోటే బిగుసుకుపోయాం.

అప్పుడొచ్చింది ఆ సీను. రేవతి సినిమా హాల్లో ఉంటుంది. చుట్టూ జనం. మళ్లీ చూసేసరికి హాలంతా ఖాళీ. కుర్చీలున్నాయి, మనిషి లేడు.

సరిగ్గా అక్కడ మీరు దయచేశారు.

ఒక్క లైటు బుగ్గ మిగల్లేదు. టీవీ, మండపం చుట్టూ చుట్టిన రంగు లైట్లు, స్తంభానికి వేలాడే వీధి దీపం, అన్నీ ఒకేసారి పోయాయి. ఊరి బయట బోరు మోటర్లు గుయ్యిమంటూ ఉండేవి. అవి మోగుతున్నాయన్న సంగతే అవి ఆగిన క్షణాన తెలిసింది. అయ్యా, ఎంత గొప్ప సౌండ్ డిజైన్ అండీ అది! వర్మగారు ఒక్క అమ్మాయి చుట్టూ ఉన్న జనాన్ని మాయం చేశారు. మీరు మా వాడకట్టు మొత్తంలో ఎవరికి వారిని రేవతిని చేశారు. దయ్యాన్ని చూపించకుండా భయపెట్టడం ఆయన విద్య అయితే, టీవీనే చూపించకుండా భయపెట్టడం మీ విద్య. ప్రపంచ సినిమా చరిత్రలో ఇంత పొదుపైన దర్శకుడు ఉంటాడని నేననుకోను.

ఆ చీకట్లో జరిగినవాటికి మీరే సాక్షి. ఎవరో ఆడమనిషి "అవ్వో" అని ఒక్క కేక పెట్టింది. దానికి జవాబుగా నలుగురు మగవాళ్లు అంతకన్నా సన్నటి గొంతుతో కేకలు పెట్టారు. వీసీపీ తెచ్చినవాడు దయ్యం సంగతి మరిచి వీసీపీని రెండు చేతులా వాటేసుకున్నాడు. అతని భయం అతనిది. నా భుజం మీద ఒక చెయ్యి పడింది. అది నా పక్కన పడుకున్నవాడిదే. కాకపోతే వాడు నా చెయ్యి తన మీద పడిందని ఏడుస్తున్నాడు. గణపతి చేతిలో లడ్డూ ఉండాలి. ఎవరో ఎక్కబుడ్డి ముట్టించి చూసేసరికి గణపతి ఖాళీ చెయ్యి చాపి కూర్చున్నాడు. పెద్దలు దర్యాప్తు చేసి, నేరం సినిమాలోని దయ్యం మీద మోపి కేసు మూసేశారు. ఆ దయ్యానికి మూతి దగ్గర నెయ్యి వాసన రావడం ఎవరూ పట్టించుకోలేదు.

ఇంకో ముక్క చెప్పి తీరాలి. మండపానికి కరెంటు వచ్చింది స్తంభం మీది తీగకు కొండి తగిలించి. బిల్లు లేదు, మీటరు లేదు. అయినా మీరు రాగానే ఊరంతా లైన్‌మన్‌ను తిట్టిన తిట్లు! కొన్నది పోతే బాధ, దొంగిలించింది పోతే కోపం. ఈ న్యాయం మా దగ్గరే కాదు, రాష్ట్రమంతటా అమల్లో ఉండేది.

మీరు వెళ్లాక సినిమా మళ్లీ వేశారు. క్యాసెట్టు నలిగి తెర మీద గీతలొచ్చాయి. వీసీపీవాడు కొత్త పది రూపాయల నోటుతో హెడ్డు తుడిచి నడిపించాడు. తర్వాత ఏమైందో నాకు సరిగ్గా గుర్తులేదు. భయం సినిమాలోంచి బయటికొచ్చి వాడకట్టులో తిరుగుతుంటే తెర మీద ఏముంటుంది?

ఇంతవరకూ పొగడ్త. ఇప్పుడు అసలు సంగతి.

ఆ వారం మాకు రాత్రి కరెంటు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెప్పినా అర్థం కాదు. బోర్లకు మూడు ఫేజుల కరెంటు రోజంతా ఇచ్చేవారు కాదు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి అని వంతులు. పగలు కొంత, రాత్రి కొంత అని ముక్కలు చేసి ఇచ్చిన రోజులూ ఉన్నాయి. ఎన్టీఆర్ కాలంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు కడితే చాలన్నారు. చవకే. ఆ 50 రూపాయలతో పాటు నిద్ర కూడా కట్టాలని మాత్రం రసీదు మీద రాయలేదు.

మా నాయిన పన్నెండింటికి లేచి, బ్యాటరీ లైటు పట్టుకుని, కట్టె ఒకటి చేతపట్టుకుని బోరు కాడికి పోయేవాడు. దారిలో వల్లకాడు. నేను దుప్పట్లోంచి చెయ్యి చాపి ఆయన పంచె పట్టుకుని "పోవద్దు నాయినా, దయ్యముంటది" అని ఏడ్చాను. ఆయన నవ్వి అన్న మాట ఇది: "దయ్యానిదేమున్నదిరా, దానికి షాకు గొట్టదు. మనకే గొడ్తది."

అప్పుడది నాకు జోకులాగే వినిపించింది. అమ్మ నవ్వలేదు. ఆయన తిరిగొచ్చేదాకా ఆమె గడప మీదే కూర్చునేది. ఆమె భయపడేవాటికి తెల్లచీరలు లేవు. మూతలేని స్టార్టర్ డబ్బా, తడిచేతులు, గట్టు మీద పాము. రాత్రి కరెంటు కోసం పోయి తెల్లారేసరికి తిరిగిరాని రైతుల వార్తలు జిల్లా పేజీల్లో తరచూ వచ్చేవి. చాలావరకు ఒక్క కాలమ్, ఫొటో లేకుండా. వాటికి సెన్సారు వారి సర్టిఫికెట్ అక్కర్లేదు, పిల్లలు పండుకోవాల్సిన పనీ లేదు.

ఆ వారమంతా నేను కిటికీలోంచి పొలాలవైపు చూసేవాణ్ని. అక్కడొకటి, ఇక్కడొకటి దీపాలు కదులుతుండేవి. ఆగేవి, వంగేవి, మళ్లీ నడిచేవి. నాయనమ్మ చెప్పిన కొరివి దయ్యాలు ఇవేనని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. లెక్కపెట్టేవాళ్లం కూడా. ఇంకొంచెం పెద్దయ్యాక తెలిసింది, అవన్నీ మా నాయనలు, బాబాయిలు, మేనమామలు. మీరు ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో తెలియక మోటర్ల చుట్టూ తిరుగుతున్న మనుషులు. ఊరి మగవాళ్లందరినీ కొరివి దయ్యాలుగా నటింపజేసి, పైసా పారితోషికం ఇవ్వని నిర్మాత మీరు తప్ప ఇంకెవరు?

తర్వాత మనుషులు తెలివి మీరారు. ఆటో స్టార్టర్లు వచ్చాయి. కరెంటు రాగానే మోటరు తనంతట తానే ఆన్ అవుతుంది, నాయిన ఇంట్లో పండుకోవచ్చు. మీకు ఇదెలా నచ్చుతుంది? ఊళ్లో మోటర్లన్నీ ఒక్క క్షణంలో లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఆ బరువుకు కాలిపోయేది. దాన్ని దించి, ట్రాక్టర్ మీద వేసుకుని, మళ్లీ చందాలు. గణపతికి వేసినదానికన్నా ట్రాన్స్‌ఫార్మర్‌కు వేసిన చందాలే ఎక్కువని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు.

2004లో ఉచిత కరెంటు వచ్చింది. బిల్లు పోయింది, మీరు పోలేదు. ఉచితంగా ఇచ్చేదాన్ని ఎప్పుడిచ్చారని ఎవరడుగుతారు? 2012లో అయితే మీరు విశ్వరూపం చూపించారు. పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు పవర్ హాలిడే అని ప్రకటించేశారు. హాలిడే! మీకు ఇంత అందమైన పేరు పెట్టినవాడికి ఏ సినిమా కంపెనీలోనైనా పబ్లిసిటీ ఉద్యోగం ఇవ్వొచ్చు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది కరెంటు తీగల వల, అదే గ్రిడ్, మిగతా దేశపు గ్రిడ్‌తో కలిసింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు అన్నారు. అంతకుముందే ఆటో స్టార్టర్లు పీకేయండని ఊరూరా చెప్పారు. నాయిన పీకి అటక మీద పెట్టాడు, పారేయలేదు. ఎందుకని అడిగితే "ఉండనీ, వాళ్ల మాటేందో చూద్దాం" అన్నాడు. మిమ్మల్ని ఎరిగినవాడు.

ఇక మీ సంగతి. మీరు పూర్తిగా రిటైరయ్యారని నేననను. ఎండాకాలం ఈదురుగాలి వస్తే, చెట్టుకొమ్మ విరిగితే, ఇప్పటికీ ఒక గంట గెస్ట్ రోల్ వేసి పోతున్నారు. కానీ ఆ టైమింగ్ లేదు. మధ్యాహ్నం మూడింటికి, ఎవరూ ఏమీ చూడనప్పుడు వస్తే ఏం లాభం? అపార్ట్‌మెంట్లో జనరేటర్ పది సెకన్లలో అందుకుంటుంది. ఆ పది సెకన్లలో భయపడేది లిఫ్టులో ఉన్నవాడొక్కడే.

మా అమ్మాయి మొన్న స్నేహితురాళ్లతో దయ్యం సినిమా పెట్టింది. పెట్టే ముందు ఏం చేసిందో తెలుసా? లేచి వెళ్లి లైట్లన్నీ ఆర్పింది. కర్టెన్లు మూసింది. మీరు మాకు ఊరికే ఇచ్చి, మా చేత తిట్లు తిన్న చీకటిని వీళ్లు స్విచ్చి నొక్కి తెచ్చుకుంటున్నారు. మల్టీప్లెక్సులోనైతే పాప్‌కార్న్‌తో కలిపి కొనుక్కుంటున్నారు. భయమేసిన చోట పాజ్ నొక్కి, ఫోన్ చూసుకుని, మళ్లీ ప్లే నొక్కుతున్నారు. పాజ్ బటన్ మీ చేతిలో ఉన్న రోజుల్లో పెరిగినవాణ్ని, నాకు అది చూస్తే దయ్యం మీద జాలేసింది.

అందుకే ఒక విన్నపం. పొలాల వైపు మాత్రం ససేమిరా రావద్దు. ఆసుపత్రుల వైపు, పరీక్షల ముందురోజు రాత్రులు కూడా వద్దు. మా అపార్ట్‌మెంటుకు ఈ శనివారం రాత్రి ఒక్కసారి దయచేయండి. పిల్లలు తొమ్మిదింబావుకు సినిమా మొదలుపెడతారు. ఏ సినిమా అన్నది ఇంకా తేలలేదు, తేలాక కబురు పెడతాను. ఖాళీ గది సీనో, అద్దం సీనో ఏదో ఒకటి పదింటికల్లా వస్తుంది. అక్కడ రండి. జనరేటర్ వేయడానికి ఒక్క పావుగంట ఆలస్యం చేయమని వాచ్‌మన్‌తో మాట్లాడి పెట్టాను. ఫ్రిజ్‌లో లడ్డూలున్నాయి. ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్కపెట్టి ఉంచాను.

ఇట్లు
తమ విధేయుడు,
చిరుగు దుప్పటి క్లాసు ప్రేక్షకుడు