అమ్మను చూడబోయి దారి తప్పిన పెద్దమనిషి

1860 వేసవిలో అమెరికా సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తన తల్లిని చూడ్డానికి బయల్దేరాడు. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కన్నతల్లిని చూడాలనుకోవడం నేరమా? ఆ ఏడాది ఆయన డెమోక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మాట నిజమే. పోటీ చేసేవాడికి తల్లి ఉండకూడదని ఏ రాజ్యాంగంలోనూ లేదు. అయినా నూట అరవై ఏళ్లుగా చరిత్రకారులు ఆ పెద్దమనిషిని ఆటపట్టిస్తూనే ఉన్నారు. ఆయన తరఫున ఎవరో ఒకరు వకాల్తా పుచ్చుకోవాలి కదా, అందుకే ఈ వ్యాసం.

తల్లి ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలో, క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో. వెళ్లడానికి రైలుంది. జులైలో బయల్దేరిన కొడుకు బోస్టన్‌లో తేలాడు. బావమరిది హార్వర్డ్ చదువు సంగతి చూడాలట. అక్కణ్ణించి పుట్టిన రాష్ట్రం వెర్మాంట్, ఆపైన రోడ్ ఐలండ్‌లో సముద్రపు ఒడ్డున ఆల్చిప్పల విందు. తర్వాత ఈశాన్యంగా మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్ దాకా వెళ్లాడు. ఆ దిక్కున ఇంకొంచెం పోతే కెనడా వస్తుంది గానీ అమ్మ రాదు. ఆగస్టు చివర్లో దక్షిణాన వర్జీనియా, నార్త్ కరోలినాల్లో కనిపించాడు. తల్లిని చూసేసరికి సెప్టెంబర్ వచ్చింది. ఎక్కడ రైలు దిగినా జనం ఉన్నారు, వేదిక ఉంది. "నేను ప్రసంగం చేయడానికి రాలేదు" అని మొదలుపెట్టి ప్రసంగం చేసేవాడు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడికి కనీసం చెట్టు ఒక్కటే.

తప్పు డగ్లస్‌ది కాదు, అప్పటి ఆచారానిది. పదవే మనిషిని వెతుక్కుంటూ రావాలి, మనిషి పదవి వెంట పడకూడదని పెద్దలు చెప్పేవారు. అధ్యక్ష అభ్యర్థి అంటే పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికొడుకు లాంటివాడు. మేనమామలు మాట్లాడాలి, తను మాత్రం బూందీ ప్లేటు కేసి చూస్తూ ఉండాలి. డగ్లస్‌కు పోటీగా నిలబడిన రిపబ్లికన్ అభ్యర్థి అబ్రహాం లింకన్ ఆ పాత్ర బాగా పోషించాడు. ఎన్నిక అయ్యేదాకా తన ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ దాటలేదు. ఊరూరా తిరిగి మాట్లాడే పని సీవార్డ్, కార్ల్ షుర్జ్ లాంటి పార్టీ మేనమామలు చూసుకున్నారు. ఆగస్టు 8న ఆయన ఊళ్లోనే పెద్ద సభ పెడితే వెళ్లి, ఏదో చూసిపోదామని వచ్చానన్నట్టు నాలుగు మాటలు చెప్పాడు. జనం మీద పడేసరికి గుర్రమెక్కి ఇంటికి పోయాడు. ఆహా, ఏం సిగ్గు!

ఈ సిగ్గుకు మందు కనిపెట్టినవాడు డగ్లస్ కాదు. 1852లో జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ పోటీ చేస్తూ, పాత సైనికుల ఆశ్రమానికి స్థలం చూడాలంటూ కెంటకీ ప్రయాణం పెట్టుకున్నాడు. దారి పొడుగునా ప్రసంగాలే. చివరికి గెలిచింది నాలుగు రాష్ట్రాలు. వాటిలో కెంటకీ ఉంది కాబట్టి స్థలం చూడ్డం మరీ వృథా పోలేదు.

అయినా సిగ్గుపడే లింకన్ రెండేళ్ల ముందు, 1858లో ఏం చేశాడో కూడా చెప్పుకోవాలి. అప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి అమెరికా సెనేట్ సీటుకు డగ్లస్‌తో పోటీ. జులై 9న షికాగోలో డగ్లస్ ఒక హోటల్ బాల్కనీ నుంచి మాట్లాడాడు. మర్నాడు అదే బాల్కనీ నుంచి లింకన్ మాట్లాడాడు. 17న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పగలు డగ్లస్, రాత్రి లింకన్. జనాన్ని పోగుచేసే ఖర్చు ఒకడిది, పంట ఇంకొకడిది. ఇలాంటి పొదుపును మెచ్చుకోవాల్సింది పోయి, డగ్లస్ పక్షపు షికాగో టైమ్స్ ఎకసెక్కం చేసింది. రాష్ట్రంలో రెండు మంచి సర్కస్‌లు తిరుగుతున్నాయి, వాటికి జనం బాగా వస్తారు, లింకన్ వాటితో వెళ్తే పోలేదా అని సలహా ఇచ్చింది.

పిలవని పేరంటానికి ఎన్నాళ్లని వెళ్తాం అనుకున్నాడేమో, జులై 24న లింకన్ ఉత్తరం రాశాడు: ఇద్దరం ఒకే వేదిక మీద మాట్లాడదాం. డగ్లస్ అదే రోజు జవాబిచ్చాడు. ఆ జవాబు చూస్తే పెళ్లి ముహూర్తాల బేరం గుర్తొస్తుంది. ఈ మాట ముందే చెప్పొచ్చు కదా, మా పార్టీవాళ్లు నా తేదీలన్నీ ఖాయం చేసేశారే! పైగా మూడో అభ్యర్థిని కూడా తెచ్చి, ఇద్దరూ కలిసి నా మీద పడతారేమో! సరే, ఇంత దూరం వచ్చారు కాబట్టి ఒప్పుకుంటా. రాష్ట్రంలో కాంగ్రెస్ ఎన్నికల జిల్లాలు తొమ్మిది, జిల్లాకో సభ చాలు; షికాగో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లలో ఇద్దరం మాట్లాడేశాం, మిగిలినవి ఏడు.

ఆగస్టు 21న ఇల్లినాయ్‌లోని ఆటవాలో మొదలై అక్టోబర్ 15న ఆల్టన్‌లో ముగిసేలా రాసుకున్నారు. మొదట మాట్లాడేవాడికి గంట, రెండోవాడికి గంటన్నర, మళ్లీ మొదటివాడికి అరగంట. అంటే మొదలూ తనదే, ఆఖరి మాటా తనదే. అది డగ్లస్‌కు నాలుగుసార్లు, లింకన్‌కు మూడుసార్లు. లింకన్ ఆ లెక్క ఎత్తి చూపించి మరీ ఒప్పుకున్నాడు. బేరం పోయినా బిల్లు మాత్రం చదివి సంతకం పెట్టే రకం.

ఇక ప్రయాణాలు. డగ్లస్ ప్రత్యేక రైలుపెట్టెలో వచ్చేవాడు. దాంతో పాటు ఇంకో బండి మీద ఇత్తడి ఫిరంగి. ఊరు రాగానే పేల్చి తన రాకను చాటేవారు. లింకన్ మామూలు పెట్టెలో అందరితో పాటు కూర్చుని వచ్చేవాడు. ఆయన అదే రైలు కంపెనీకి ఎన్నోసార్లు కేసులు వాదించిన వకీలు. కేసులు గెలిపించినవాడికి ఫిరంగి ఇవ్వాలన్న రూలు లేదు మరి.

అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. మూడేసి గంటలు, కొన్ని చోట్ల వానలో, చలిగాలిలో నిలబడి విన్న ఆ వేలమందిలో ఒక్కరికి కూడా డగ్లస్‌కో లింకన్‌కో నేరుగా ఓటు వేసే హక్కు లేదు. సెనేటర్లను అప్పట్లో రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. 1913 దాకా అంతే. శాసనసభలో డగ్లస్ 54–46తో గెలిచాడు. జనం భోజనం మూటగట్టుకుని వచ్చారు, విన్నారు, వెళ్లారు.

ఇంత అనుభవం ఉన్న మనిషి 1860లో అమ్మను అడ్డం పెట్టుకోవడం చల్లకొచ్చి ముంత దాచడమే అంటారు గిట్టనివాళ్లు. గిట్టనివాళ్లు అంతటితో ఊరుకోలేదు. "పిల్లాడు తప్పిపోయాడు" అని కరపత్రం అచ్చేశారు. జులైలో వాషింగ్టన్ నుంచి అమ్మ దగ్గరికని బయల్దేరాడు, ఇంకా ఇల్లు చేరలేదు, తల్లి బెంగపడుతోంది. ఆల్చిప్పల విందులో చూసినవాళ్లున్నారు. పొట్టివాడు, పొట్ట పెద్దది, గట్టిగా మాట్లాడతాడు, ఎప్పుడూ తన గురించే. తను అధ్యక్ష అభ్యర్థినని భ్రమ. ఇదీ ఆనవాళ్ల వరస. ఒక తల్లి మనోవ్యథను ఇలా వాడుకుంటారా, చెప్పండి!

అక్టోబర్‌లో పెన్సిల్వేనియా, ఇండియానా రాష్ట్ర ఎన్నికల్లో రిపబ్లికన్లు గెలిచారన్న కబురు డగ్లస్‌కు అయోవాలో ఉండగా అందింది. ఇక లింకనే అధ్యక్షుడని ఆయనకు అర్థమైంది. అప్పుడు దక్షిణాదికి బయల్దేరాడు, ఈసారి ఏ చుట్టం పేరూ చెప్పలేదు. దేశం విడిపోకూడదని, విడిపోదామనే వాళ్ల ఊళ్లలోనే నిలబడి చెప్పాడు. ఓట్లు పడే రోజున అలబామాలోని మొబీల్‌లో ఉన్నాడు. తల్లి పేరు చెప్పి తిరిగిన న్యూ ఇంగ్లండ్‌లో, అంటే వెర్మాంట్, మెయిన్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో, ఒక్కటి కూడా రాలేదు, తల్లి ఉన్న న్యూయార్క్ కూడా రాలేదు.

ఈ విద్యలో ఆరితేరినవాడు 1896 అధ్యక్ష ఎన్నికలో వచ్చాడు. ప్రత్యర్థి బ్రయన్ పద్దెనిమిది వేల మైళ్లు తిరిగి ఆరువందల దాకా ప్రసంగాలు చేస్తుంటే, విలియం మెకిన్లీ ఒహాయోలోని కాంటన్‌లో సొంత ఇంటి వసారా దిగలేదు. రైలు కంపెనీలు టికెట్లు తగ్గించి జనాన్ని అక్కడికే చేరవేశాయి. దాదాపు ఏడున్నర లక్షల మంది వచ్చారని లెక్క. వచ్చిన బృందం తరఫున ఎవరు ఏం మాట్లాడతారో ముందే రాసి పంపాలి, మెకిన్లీ చదివి దిద్దేవాడు. తర్వాత వసారాలో నిలబడి అదే మాట మొదటిసారి వింటున్నట్టు తల ఊపేవాడు. వచ్చినవాళ్లు గుర్తుగా కంచె కర్రలు కూడా పీక్కుపోయారు. ఆయన మాత్రం ఎక్కడికీ కదలాల్సిన పని లేకపోయింది. వాళ్ల అమ్మది కూడా అదే ఊరు.