హార్డ్‌వేర్ ప్రొఫార్మా గారికి బెంచ్ క్లర్కు విన్నపం

మహారాజశ్రీ హార్డ్‌వేర్ అవసరాల ప్రొఫార్మా గారి సముఖమునకు, ఓ మూల కోర్టులో పనిచేసే బెంచ్ క్లర్కు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రింటర్ మాత్రం లంచ్ తర్వాతే క్షేమం.

తమరు ఈ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు గళ్ల ఫారం రూపంలో మెయిల్లో దయచేశారు. పదిన్నరలోగా నింపి పంపాలని అడుగున ఉంది. వాయిదా అడగడానికి వీల్లేని పని కోర్టులో మీదొక్కటే కాబట్టి, ఇవాళ్టి కేసుల జాబితా, అదే కాజ్ లిస్టు, పక్కన పెట్టి కూర్చున్నాను.

మూడో కాలమ్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ‘పనిచేస్తున్నదా? అవును / కాదు.’ మా ప్రింటర్ సంగతి మీకు తెలియదు. పొద్దున్నే ఆన్ చేస్తే రెండు మూలుగులు మూలిగి పడుకుంటుంది. అటెండర్ టోనర్ బయటికి తీసి, పాలు తాగిన పసిపిల్లాడి వీపు తట్టినట్టు నాలుగు తట్లు తట్టి మళ్లీ పెడతాడు. అప్పుడొక పేజీ వస్తుంది. రెండోది ఇరుక్కుంటుంది. మధ్యాహ్నానికి ఒళ్లు వేడెక్కి గడగడా ఇచ్చేస్తుంది. ‘అవును’ అని రాస్తే ఇంకో అయిదేళ్లు దీంతోనే కాపురం. ‘కాదు’ అంటే ఎప్పటి నుంచి, ఎందుకు, బాధ్యులెవరు అని మెమో. ‘తడితే పనిచేస్తుంది’ అని రాసుకునే చోటు మీలో లేదు.

మీ వంశం చిన్నదేం కాదు. మీరు పుట్టింది కోర్టుల్లోకి కంప్యూటర్లు తెచ్చే ఈ-కోర్టుల పథకంలో. దాని మొదటి దశ 2007లో, రెండోది 2015లో. మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ 7,210 కోట్లు ఆమోదించింది. ఆ పద్దులు రాసుకుని బీరువా తలుపుకి అంటించుకున్నాను. పాత, కొత్త రికార్డుల స్కానింగుకి, భద్రపరచడానికి 2,038.40 కోట్లు. ఇప్పుడున్న కోర్టులకు అదనపు హార్డ్‌వేర్ 643.66 కోట్లు. సోలార్ బ్యాకప్‌కి 229.50 కోట్లు. ఇది చూసి సంతోషించాను, వెటకారం కాదు. కరెంటు పోగానే మా యూపీఎస్ కుయ్యిమని ఒక్క కేక వేసి ప్రాణం విడుస్తుంది. సాక్షి చెప్పింది సగంలో ఉంటుంది. జడ్జి అయ్యగారు టైపిస్టు వంక, టైపిస్టు నా వంక, నేను ఆగిన ఫ్యాను వంక చూస్తాం.

అదే జాబితాలో కిందికి వెళితే మానవ వనరులు: 56.67 కోట్లు. మొత్తంలో నూటికి రూపాయి కూడా పడలేదు.

స్కానర్లు ఎన్ని కావాలన్నారు. మా రికార్డు రూములో కట్ట అంటే పురికొసతో కుట్టిన కాగితాల దిండు. స్కానర్‌లో పెట్టాలంటే ముందు కుట్టు విప్పాలి. విప్పితే అంచులు అప్పడంలా విరుగుతాయి. తుప్పుపట్టిన పిన్నులు పీకి, మడతలు సాపు చేసి, పేజీ నంబర్లు సరిచూసుకుని, పని అయ్యాక దబ్బనంతో మళ్లీ కుట్టాలి. దబ్బనాలెన్నో, కుట్టే చేతులెన్నో మీరు అడగలేదు. ఉన్న ఒక్క దబ్బనం మా అటెండర్ సొంతం. వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. దాన్నీ పట్టుకుపోతాడు.

కంప్యూటర్లు ఇంకో నాలుగు కావాలని రాశాను. రాశాక తలెత్తి చూస్తే హాల్లో ప్లగ్గులు రెండు. ఒకటి ఫ్యానుది, రెండోది తాకితే నిప్పులు కక్కుతుంది. అయినా కొట్టెయ్యలేదు. వస్తే అట్టపెట్టెలైనా పనికొస్తాయి, కట్టలు పెట్టుకోవడానికి.

చివర్లో ‘రిమార్కులు’ అని గోరంత గడి ఇచ్చారు. ఇదంతా అందులో పట్టక ఈ ఉత్తరం. మిమ్మల్ని ప్రింటు తీసి, అయ్యగారి సంతకం పెట్టించి, సీలు వేసి, స్కాన్ చేసి పంపమన్నారు కదా. ఇప్పుడు పదింబావు. ప్రింటర్ ఇంకా లేవలేదు. స్కేలు పెట్టి గళ్లు గీసి మిమ్మల్ని చేత్తోనే తయారుచేస్తున్నాను. గీతలు కాస్త వంకరగా వస్తే మన్నించండి.

ఇట్లు,
తమ విధేయుడు,
బెంచ్ క్లర్కు

తా.క.: స్కేలు కూడా అటెండర్‌దే.