మార్త్ రిషార్‌కు వచ్చిన విద్య సినిమాకు ఎందుకు పట్టలేదు?

మొదటి ప్రపంచ యుద్ధకాలపు ఫ్రెంచ్ గూఢచారి మార్త్ రిషార్ మీద రేమోన్ బెర్నార్ 1937లో తీసిన ‘మార్త్ రిషార్, ఫ్రాన్స్ సేవలో’ను పాత గూఢచారి చిత్రాల్లో మేటిగా చెప్పుకుంటారు. ఎడ్విజ్ ఫొయ్యేర్ నటన, ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ఠీవి గురించి పేచీ లేదు. పేచీ అంతా కథానాయికను మలిచిన తీరుతోనే. తెర మీద ఆమె తల్లిదండ్రులను జర్మన్లు కాల్చి చంపుతారు, ఆ పగతో ఆమె గూఢచారి అవుతుంది. ఆడ గూఢచారికి పగ, సొగసు ఉంటే చాలని దర్శకుడు తేల్చేశాడు.

అసలు మార్త్ పైలట్. 1913లోనే లైసెన్సు తెచ్చుకుంది. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి పదేళ్లయినా నిండలేదు! యుద్ధం వచ్చాక తోటి మహిళా పైలట్లతో కలిసి సంఘం కట్టి, మేమూ పనికొస్తామని ముందుకొస్తే సైన్యం వద్దు పొమ్మంది. 1916లో ఆమె భర్త యుద్ధంలో చనిపోయాడు. అప్పుడు గూఢచారి విభాగం అధికారి జార్జ్ లదూ ఆమెను స్పెయిన్ పంపాడు. అప్పగించిన పనేమిటి? మాడ్రిడ్‌లో జర్మన్ నౌకాదళ ప్రతినిధి వాన్ క్రోన్‌కు ప్రియురాలై రహస్యాలు లాగడం. విమానం నడిపే చేతులు అక్కర్లేదన్న దేశం ఆమె శరీరాన్ని మాత్రం కాదనలేదు. ఇంత పెద్ద కథ కళ్లెదుట ఉంటే కల్పించిన పగ దేనికి?

ఈ గాథను ముందుగా లోకానికి చాటింది కూడా ఆమె కాదు, 1932లో పుస్తకం రాసిన లదూ. జర్మన్ల గూఢచారి అన్న నేరం మోపబడిన నర్తకి మాతా హరిని పనిలో పెట్టుకున్నదీ ఈయనే. 1917 అక్టోబరులో మాతా హరిని ఫ్రెంచ్ వాళ్లు కాల్చి చంపారు. కొద్దిరోజులకే లదూ కూడా శత్రువుకు పనిచేశాడన్న అనుమానంతో అరెస్టయి, తర్వాత నిర్దోషిగా బయటపడ్డాడు. అలాంటి అధికారికి దేశభక్తురాలైన ఒక అందగత్తె కథ ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు.

మార్త్ కూడా తన కథకు రంగులద్దుకుందిగా అంటారు కొందరు. అద్దుకుంది, నిజమే. అయితే ఫ్రాన్సులో ఆడవాళ్లకు 1944 దాకా ఓటే లేదు. పైలట్‌గా తనను చూడని సమాజానికి, అది చూడదలచుకున్న బొమ్మనే ఆమె అమ్మింది. ఆ తప్పు కొన్నవాళ్లది కాదా?

నన్ను కదిలించేది ఆ తర్వాతి మార్త్. 1945లో పారిస్ నగర కౌన్సిలర్‌గా వేశ్యాగృహాలు మూయించాలని పట్టుబట్టింది. 1946 ఏప్రిల్‌లో దేశమంతటికీ చట్టం వచ్చింది, దాన్ని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. చిన్న వయసులో, 1905లో, ఫ్రాన్సులోని నాన్సీ నగర పోలీసులు వేశ్యగా నమోదు చేసుకున్నది ఈ మనిషినే. నాన్సీలో చేస్తే పోలీసు రికార్డుకెక్కిన పని, మాడ్రిడ్‌లో దొర పంపితే దేశసేవ అయింది! రెండు చోట్లా లాభం మగవాళ్లది, మచ్చ ఆమెది. ఆడవాళ్ల శరీరం మీద ప్రభుత్వాలు చలాయించే పెత్తనానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఇకపై ఆమె కథ తీసేవాళ్లు నాన్సీ పోలీసుల చిట్టా నుంచే మొదలుపెట్టాలి, విమానాన్నీ తెర మీదికి తేవాలి.