అప్రైజల్ మార్కులు ఎవరి గురించి చెబుతాయి?

ఉద్యోగుల పనితీరుకు మార్కులు వేసే అప్రైజల్ ఫారం నింపేటప్పుడు చాలామంది మేనేజర్లు మొత్తం రేటింగ్ ఎంతో ముందే మనసులో అనుకుంటారు. విడివిడి గడుల్లోకి దిగేది ఆ తర్వాతే. చొరవకు నాలుగు, సమయపాలనకు నాలుగు, అందరితో కలిసి పనిచేసినందుకు నాలుగు. మనిషి నచ్చితే అన్నీ నాలుగులే. నచ్చకపోతే అతను తలుపు వేసే తీరులో కూడా తప్పు దొరుకుతుంది.

అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే దీన్ని పట్టుకున్నారు. సైన్యంలో పై అధికారులు తమ కిందివాళ్లకు దేహదారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అంటూ వేర్వేరుగా మార్కులు వేశారు. తీరా చూస్తే ఒకదాంట్లో ఎక్కువ వచ్చినవాళ్లకు మిగతావాటిలోనూ ఎక్కువే. కండకూ తెలివికీ అంత దగ్గరి చుట్టరికం ఎక్కడిది? తల చుట్టూ గీసే కాంతివలయం పేరుతో ఆయన దీన్ని 'హేలో' అన్నారు.

ఇక్కడిదాకా చాలామంది ఒప్పుకుంటారు. "ఈ సంగతి తెలుసు కాబట్టి నేను జాగ్రత్తగానే ఉంటాను" అనేవాళ్లతోనే నా పేచీ. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులకు ఒక అధ్యాపకుడి వీడియో చూపించారు. ఆయన మాటల్లో విదేశీ యాస ఉంది. ఒక వీడియోలో ఆప్యాయంగా మాట్లాడాడు, మరోదాంట్లో ముభావంగా, కటువుగా. మనిషి ఒకడే. మొదటిది చూసినవాళ్లకు ఆయన రూపం, హావభావాలు, యాస ముచ్చటగా అనిపించాయి. రెండోది చూసినవాళ్లలో ఎక్కువమందికి అవే చిరాకు పుట్టించాయి. ఆయన మీది ఇష్టాయిష్టాలు మీ మార్కుల మీద పనిచేశాయా అని అడిగితే, లేదన్నారు. కటువైన వీడియో చూసినవాళ్లయితే కథను తిరగేశారు: ఆయన యాస, రూపం బాగోలేవు, అందుకే ఆయన నచ్చలేదన్నారు.

ఆఫీసులో రోజూ జరిగేది ఇదే. ఒకరు రెండు లైన్ల ఈమెయిల్ పంపితే "సూటిగా విషయానికొస్తాడు" అంటాం. గిట్టనివారు అదే రెండు లైన్లు పంపితే "ఎంత పొగరో చూడు" అంటాం. పైగా ఆ పొగరు వల్లే గిట్టలేదని నిజాయతీగా నమ్ముతాం. అబద్ధమాడేవాడిని నిలదీయవచ్చు, నమ్మేవాడిని ఏం చేస్తాం? పక్షపాతం గురించి పూటసేపు శిక్షణ ఇచ్చి చప్పట్లు కొట్టించే హెచ్ఆర్ కార్యక్రమాల మీద నాకు పెద్దగా ఆశ లేనిది ఇందుకే.

ముద్ర పడ్డాక మనిషి కూడా మారతాడు. రెండుసార్లు మాట మధ్యలో తుంచేస్తే మూడో మీటింగ్‌లో నోరు విప్పడు. అప్పుడు ఫారంలో 'చొరవ లేదు' అని ఎక్కుతుంది, అది అక్షరాలా నిజం కూడా!

2000లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు వేలకు పైగా మేనేజర్ల రేటింగులను జల్లెడ పట్టింది. ఒక్కొక్కరికీ పైవాళ్లు, తోటివాళ్లు, కిందివాళ్లు మార్కులు వేశారు. ఆ మార్కుల్లో కనిపించిన తేడాల్లో సగానికి పైగా వేసినవారి సొంత ధోరణి నుంచి వచ్చినవే. పనితీరు వాటా అంతకంటే చాలా తక్కువ. జీతాలు పెరిగేదీ ఆగేదీ ఆ అంకెల మీదే.

మరి దారేమిటి? మనిషిని మార్చడం కన్నా పద్ధతిని మార్చడం తేలిక. 1950ల మధ్యలో ఇజ్రాయెల్ సైన్యంలో కుర్ర లెఫ్టినెంట్‌గా ఉన్న, తర్వాత పేరున్న మనస్తత్వవేత్త అయిన డేనియల్ కానమన్‌కు, కొత్తగా చేరేవాళ్ల ఇంటర్వ్యూలను సరిదిద్దే పని పడింది. ఆయన ఆరు గుణాలు ఎంచి, ఒక్కోదానికీ జరిగిన విషయాలే అడగమన్నారు. ఒకదానికి మార్కు వేశాకే ఇంకోదానికి వెళ్లాలి. మొత్తం మీద మనిషి ఎలాంటివాడో తేల్చే పని మీది కాదన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మండిపడ్డారు, మమ్మల్ని యంత్రాలను చేస్తున్నారంటూ. వాళ్లను బుజ్జగించడానికి ఆయన చివర్లో ఒక గడి చేర్చారు: అన్నీ అయ్యాక కళ్లు మూసుకుని, ఇతను సైనికుడిగా ఎలా ఉంటాడో ఊహించుకుని, ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయండి.

కొన్ని నెలల తర్వాత ఫలితాలు చూశారు. సైనికుడిగా ఎవరు ఎలా రాణిస్తారో ముందే చెప్పడంలో, పాత ఇంటర్వ్యూ కన్నా ఆరు గుణాల మార్కుల మొత్తం చాలా మెరుగ్గా పనిచేసింది. కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా దానికి దీటుగానే నిలిచింది. దాంతో చివరి సూత్రంలో ఆ రెంటికీ సమానమైన విలువ ఇచ్చారు. ఆ గడిని మాత్రం ఫారం చివరే ఉంచారు.